బావ ఒంటికి కుదిరిన పడవ

మా బావ పోయాడని కబురు తెచ్చినవాడి మీద నేను ఇంతెత్తున లేచాను. ఉక్కునగరంలో మా సైటు ఆఫీసుకి ఫోనొచ్చిందట. టైమ్‌కీపరు ఎండలో పరిగెత్తుకుంటూ వచ్చి, "మీ బావగారు పోనారంటండి, బేగెళ్ళండి" అన్నాడు. "ఏ బావ?" అన్నాను. మా వైపు మగాళ్ళం ఒకళ్ళనొకళ్ళం బావ అనే పిలుచుకుంటాం. టీ పోసేవాడూ బావే, లారీ తోలేవాడూ బావే. అతను కాస్త తటపటాయించి, "మీ అక్కగారి పెనివిటండి" అన్నాడు. "నోర్ముయ్యవయ్యా, పొద్దున్న నాతో మాట్లాడాడు మనిషి" అని అరిచాను. పాపం, అతని తప్పేముంది?

నిజంగానే మాట్లాడాడు. డ్యూటీ బస్సు కోసం గాజువాకలో వాళ్ళ వీధి మీంచే వెళ్తాను. బావ అరుగు మీద బల్లమీద కూచుని ప్లాస్టిక్ వైరుతో కుర్చీ అల్లుతున్నాడు. నా కాళ్ళకేసి చూసి, "ఒరే బావమరిదీ, ఆ బూట్లు మార్సీరా. నీ కాళ్ళు ఏడుత్తన్నాయి, నీకే ఇనబడ్డం నేదు" అన్నాడు. "ముందు నువ్వా కుర్చీ పూర్తి చెయ్యి బావా, పెళ్ళివారు కర్రలట్టుకొస్తారు" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయాను. అంతే. ఆ మనిషి మధ్యాహ్నం భోజనాల వేళకి లేడంటే ఏ బుర్రకి ఎక్కుతుందండీ? నెల దాటింది, నాకింకా ఎక్కలేదు.

వైరు అయిపోతే లేచి వీధి చివర టీ కొట్టుకి వెళ్ళాడట. బెంచీ మీద కూచుని గోడకి చేరగిలబడ్డాడట. కొట్టతను గ్లాసు పక్కన పెట్టి, "బావా, సల్లారిపోతన్నాది" అన్నాడట. పలకలేదు. కునుకు తీస్తున్నాడనుకున్నారు. పక్కనున్నాయన పేపరు చదివేసి మడిచి బావ చేతిలో పెట్టబోతే అది జారి కింద పడింది. అప్పుడు తెలిసింది. గుండె అన్నారు డాక్టర్లు. ఏ గుండె? పోటుకి ఎదురు తెడ్డేసిన గుండె అది! యాభై నిండలేదు. చావుకైనా ఒక వరసుండొద్దూ?

మా భయమంతా నీళ్ళ మీదే ఉండేది. ప్రతి ఆదివారం బావ గంగవరం ఉప్పుటేటికి పడవేసుకుని వెళ్తే, అక్క గంగమ్మ తల్లికి దణ్ణం పెట్టుకుని గుమ్మంలోనే కూచునేది. ఆయన తిరిగొచ్చేదాకా కుట్టు మిషను తొక్కేది కాదు. "ఏదో ఒకనాడు ఆ నీళ్ళే ఇతన్నట్టుకుపోతాయి" అని మా అమ్మ గొణిగేది. నేనూ లోపల్లోపల అలాగే అనుకున్నాను. తీరా చూస్తే నీళ్ళు చక్కగా ఒడ్డుకి చేర్చాయి, టీ కొట్టు బెంచీ తీసుకుపోయింది. ఆ బెంచీ మీద నేనెన్నిసార్లు కూచున్నానో! ఇప్పుడా వైపు వెళ్ళకుండా చుట్టుతిరిగి పోతున్నాను.

ఈ పడవేమిటి, ఈ నీళ్ళేమిటి అని మీకు సందేహం రావచ్చు. మావాళ్ళు బెస్తలు కారు. బావది ఎలమంచిలి దగ్గర పల్లె, వ్యవసాయం చేసుకునే ఇల్లు. ఉన్న చెక్క భూమి అన్నదమ్ములకి వదిలేసి విశాఖపట్నం వచ్చి, పోర్టులో ఒక కాంట్రాక్టరు కింద కళాసీగా చేరాడు. మా అక్కనిచ్చేనాటికి నాకింకా మీసం మొలవలేదు. ఆయన మొదటిసారి అత్తవారింటికొచ్చినప్పుడు మా అమ్మ చేతిలోంచి ఇత్తడి బిందె జారి నూతిలో పడింది. బిందె పైకి లాగే పాతాళగరిగె కోసం మా నాన్న పక్కింటికి వెళ్ళాడు. ఆయన వచ్చేలోగా కొత్తల్లుడు కొత్త పంచె గోచీ పెట్టి నూతిలోకి దూకేశాడు. "ఓలమ్మో, అల్లుడు నూతిలో పడిపోనాడర్రా" అని మా అమ్మ వీధి వీధంతా పోగేసింది. జనం వచ్చి తొంగిచూస్తే, నెత్తిమీద బిందె బోర్లించుకుని, రాళ్ళసందుల్లో కాళ్ళు పెట్టి పైకొస్తున్నాడు మహానుభావుడు. "బిందికి సొట్టడిపోనాదత్తా" అన్నాడు, అదొక్కటే విచారం అన్నట్టు.

అలాంటి ఒళ్ళండీ అది. పీట వేస్తే బాసింపట్టు వేసుకుని కూచుని మా ఇంటి అన్నమంతా ఊడ్చేసేవాడు. "దాయాది సావు కోరతాడు, బావమరిది బతుకు కోరతాడు. నా బతుకు కోరి ఆ ముద్ద కూడా ఇలాగియ్యరా" అని నా కంచంలోది లాక్కునేవాడు. నేను ఏడిస్తే భుజానెత్తుకుని బీచికి తీసుకుపోయేవాడు. భుజమ్మీంచి చూస్తే ఓడలు నాకంటే కింద ఉన్నట్టుండేవి.

డెబ్బైల ఆఖర్లో ఒక వానాకాలం, ఓడలోంచి ఇనప చువ్వలు దింపుతుంటే కట్ట జారింది. ఎవరి తప్పూ లేదు, వానకి అన్నీ జారుడుగా ఉన్నాయి. కుడి తుంటి, తొడ నుజ్జయ్యాయి. నెలల తరబడి ఆసుపత్రి. ప్రాణం దక్కింది, కాలూ దక్కింది. కాకపోతే కుడికాలు నాలుగువేళ్ళ మందం పొట్టిదైపోయింది. మోకాలు పూర్తిగా వంగడం మానేసింది.

మనిషి బతుకంతా కూచోడం మీదే ఆధారపడి ఉంటుందని అప్పటిదాకా మాకెవరికీ తెలీదు. నేలమీద కూచోలేడు, పీట మీద కూచోలేడు. పాయిఖానాకి వెళ్ళాలంటే నరకం. సైకిలు సీటు కుడివైపు పొడుస్తుంది. బస్సు సీట్లో మోకాలు ముందు సీటుకి కొట్టుకుంటుంది. కుర్చీలో కూచుంటే కుడికాలు నేలకి అందక వేలాడి నడుం పట్టేస్తుంది. పెళ్ళికి వెళ్తే బంతిలో కూచోలేక, నించుని తినడం నామోషీ అనిపించి, తినకుండా వచ్చేసేవాడు. చివరికి మంచం ఒక్కటే మిగిలింది. ఆ మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. పలకరిస్తే ఊ అనేవాడు, అంతే. నూతిలో దూకిన మనిషేనా ఇతను అనిపించేది.

అక్క జాకెట్లు కుట్టి ఇల్లు లాక్కొచ్చింది. మా అక్క కొలత తప్పదని వీధంతా పేరు. ఒకరికి ఒక భుజం దిగినట్టుంటుంది, ఒకరికి వీపు గూడు కట్టినట్టుంటుంది. వాళ్ళకి తెలియకుండానే లోపల ఎక్కడో ఓ ముక్క వేసి సరిచేసేసేది. ఒకరోజు మిషను ఆపి నా దగ్గరికొచ్చింది. అప్పటికి నాకు స్టీల్ ప్లాంటు కట్టే సైటులో ఉద్యోగం వచ్చి గాజువాకలోనే గది తీసుకున్నాను. "తమ్ముడూ, నన్నెందుకు బతికించేరే అన్నాడ్రా నిన్న. తిండి కూడా మానేత్తన్నాడు. ఆ మనిషి నాకు దక్కడ్రా" అంది. ఏడవలేదు. మామూలుగా జీతం ఎప్పుడొస్తుందని అడిగినట్టు అంది.

ఆ రోజుల్లో మా సైటుకి రష్యా ఇంజినీర్లు వస్తుండేవారు. మా సెక్షనుకొచ్చినాయన తాటిచెట్టంత పొడుగు. ఆదివారం వస్తే ఒక పెద్ద సంచీ భుజాన వేసుకుని గంగవరం వెళ్ళేవాడు. సంచీ మోయడానికి తోడు రమ్మని సైగ చేస్తే నేనూ వెళ్ళాను ఒకసారి. సంచీ విప్పితే గొట్టాలూ, బద్దలూ, రబ్బరు గుడ్డా. అవన్నీ ఒకదాంట్లో ఒకటి గుచ్చి కాసేపట్లో పడవ చేసేశాడు! సన్నంగా, పొడుగ్గా, పైన మనిషి నడుం పట్టేంత కంత ఒకటి. ఆయన అందులోకి దిగి కాళ్ళు ముందుకి చాపుకుని కూచున్నాడు, రెండువైపులా రెక్కలున్న తెడ్డు పట్టుకుని వెళ్ళిపోయాడు. కయాక్ అంటారట. కాళ్ళు చాపుకుని కూచోడం చూడగానే నాకు బావ గుర్తొచ్చాడు.

మరుసటి ఆదివారం బావని రిక్షాలో కుదేసి తీసుకుపోయాను. "నన్నెందుకురా ఊరేగిత్తన్నావు, సచ్చిపోనాక మొయ్యండి" అని దారంతా తిట్టాడు. రష్యా ఆయనకి బావ కాలు చూపించి, పడవ చూపించి, చేతులు జోడించాను. ఆయన ఏమీ అడగలేదు. బావ చంకల కింద చేతులేసి ఎత్తి, ఒడ్డున ఇసుకమీదున్న పడవలోకి దింపాడు. బావ కాళ్ళు లోపల చాపుకున్నాడు. వీపు ఆనించాడు. కాసేపు కదల్లేదు. నేను భయపడి, "ఏటి బావా, నొప్పా?" అన్నాను. "మాటాడకు" అన్నాడు. మళ్ళీ కాసేపటికి, "నొప్పి నేదురా" అన్నాడు. కళ్ళనిండా నీళ్ళు. నా చిన్నప్పటినుంచీ ఆ కళ్ళలో నీళ్ళు చూడలేదు నేను. రష్యా ఆయన మొహం పక్కకి తిప్పుకుని సిగరెట్టు ముట్టించుకున్నాడు.

అయితే అది తాటిచెట్టు పడవ కదా, మావాడికి వదులు. నీళ్ళలోకి దింపగానే బావ నడుం అటు జరిగింది, పడవ ఇటు ఒరిగింది, బుడుంగుమని బోల్తా. నేను లబోదిబోమన్నాను. బావ మొలలోతు నీళ్ళలో లేచి, నోట్లోని ఉప్పునీళ్ళు ఉమ్మేసి, పకపకా నవ్వాడు. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో! రష్యా ఆయన తువ్వాళ్ళు మడిచి బావ తుంటికి రెండు వైపులా కూరాడు. తొడలు తట్టి, పడవ పైకప్పుకి ఆనాలని చూపించాడు. అరికాళ్ళు తట్టి, ఎదర అడ్డబద్దకి ఆనాలన్నాడు. భుజాలు పట్టుకుని ఊపి, ఇవి మాత్రం వదులుగా ఉండాలన్నాడు. ఒక్క తెలుగు ముక్క లేకుండా ఇదంతా చెప్పాడు.

ఆ రోజునుంచి బావకి ఇదే ధ్యాస. మంచం మీద పడుకునే, గోడమీద బొగ్గుతో గీతలు గీసేవాడు. "ఒరే, ఇది ఎక్కే పడవ కాదు, తొడుక్కునేది. బిగుతైతే బయటికి రానివ్వదు, వదులైతే లోపల ఉండనివ్వదు" అనేవాడు. అన్నం అడిగి తినేవాడు. అక్క వంటింట్లోంచి నాకు కళ్ళతోనే దణ్ణం పెట్టేది. ఇంతలో రష్యా ఆయనకి వాళ్ళ దేశం వెళ్ళే టైము వచ్చింది. పడవ అమ్మమని అడగడానికి మాకు మొహం చెల్లలేదు. ఆయన సంచీ సర్దుకుంటున్నాడని తెలిసి బావ మళ్ళీ గోడవైపు తిరిగిపోతాడేమోనని నేనూ అక్కా బిక్కచచ్చిపోయాం.

అప్పుడు నాకు పాత ఊళ్ళో జట్కా బళ్ళకి గూళ్ళు కట్టే సాయిబు గుర్తొచ్చాడు. బద్దలు కాచి, వంచి, పైన టార్పాలిన్ బిగించడమే అతని పని. జట్కాలు తగ్గిపోయి ఖాళీగా ఉన్నాడు. రష్యా ఆయన వెళ్ళేలోగా తీసుకొచ్చి పడవ చూపించాం. చుట్టూ తిరిగాడు, వంగి చూశాడు, గెడ్డం గోక్కున్నాడు. "అరే మియా, బండి గూడు తిరగేస్తే ఇదే కదా! కట్టేత్తాను. కానీ నా టేకు నానబెట్టాలి, నన్ను తొందరెట్టకూడదు. ఆదికి కొలతలు దారంతో తెండి, టేపు నెంబర్లు నాకు పట్టవు" అన్నాడు. కుట్టేవాళ్ళకి ఆది జాకెట్టు ఇచ్చినట్టే మరి.

కొలత అంటే మా ఇంట్లో అక్కే. మంచం మీద బావని కూచోబెట్టి తుంటి చుట్టూ ఒక దారం, తొడమీద ఒకటి, నడుంనుంచి అరికాలిదాకా ఎడమకాలికొకటి, కుడికాలికొకటి తీసింది. బావ స్వయంగా సరిచూశాడు. అక్క పక్కింటావిడని తోడు తీసుకుని పాతూరు వెళ్ళి సాయిబుకి ఇచ్చొచ్చింది. నేను ఆ రోజు డ్యూటీలో ఉన్నాను.

పడవ అయ్యేసరికి ఎండలు ముదిరాయి. నీలం రంగు వేసి, ఒంటెద్దు బండి మీద గంగవరం తోలుకొచ్చాడు సాయిబు. ఎంత ముచ్చటగా ఉందో! అక్క కూడా వచ్చింది, కొబ్బరికాయ కొట్టింది. బావని లోపలికి దింపాం. తుంటి దగ్గర గుప్పిట్లో పట్టినట్టు కుదిరింది. తొడలు ఆనాయి. ఎడమ అరికాలు బద్దకి ఆనింది. కుడికాలు చాపాడు. అందలేదు. ఇంకా చాపాడు. తుంటి లాగి, మొహం నల్లబడింది. బద్దకీ పాదానికీ మధ్య వెలితి అలాగే ఉంది.

"ఇదేటి సాయిబూ?" అన్నాడు బావ. 

సాయిబు కంగారుపడ్డాడు. "అమ్మ తెచ్చిన దారమే వేసినాను బావా! రెండు దారాలు ఎచ్చుతగ్గున్నాయని అడిగినాను. పొట్టిది తెగిపోనాది, పొడుగుదే రెండేపులా ఎయ్యమన్నాది అమ్మ. అడగండి, ఎదర్నే ఉన్నాది" అన్నాడు.

బావ అక్కకేసి చూశాడు. "తెగిపోనాదేటే?"

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "తెగలేదు" అంది. "నీ కాలికి నూని రాత్తన్నాను గదా! పొద్దూ మాపూ రాత్తన్నాను. సాగితే సాగొచ్చు అన్నాడు గదా డాక్టరు. పడవ అయ్యేపాటికి కాలు కూడా వచ్చీత్తాదనుకున్నాను. పొట్టికాలికి కట్టించీత్తే ఇంక ఎప్పటికీ రాదేమోనని..." మాట పూర్తి చెయ్యలేకపోయింది.

వీధంతా తిరిగి ఎవరి భుజం ఎంత దిగిందో చేత్తో తడిమి చెప్పే మనిషండీ మా అక్క! సొంత మొగుడి కొలత దగ్గర తప్పింది. సాయిబు తలగుడ్డ తీసి మళ్ళీ చుట్టుకున్నాడు. బావ కేకలేస్తాడనుకున్నాను, పడవలోంచి లేచిపోతాడనుకున్నాను. పడవ అంచుమీద వేళ్ళు ఆడిస్తూ కూచున్నాడు. అప్పుడన్నాడు: "ఒసే, నువ్వనుకునే బాగున్న కాలోడు పోర్టులోనే ఉండిపోనాడు. నీ ఎదర కూకున్నోడు ఈడు. ఈడికి కొలత తియ్యి."

అక్క కళ్ళు తుడుచుకుంది. చీర ఎగదోపుకుని, మోకాళ్ళమీద వంగి, పడవలోకి చెయ్యి పెట్టి బావ మడమకీ బద్దకీ మధ్య దూర్చింది. నాలుగువేళ్ళూ పట్టాయి, బొటనవేలు పట్టలేదు. "నా చెయ్యంత" అంది సాయిబుతో, చెయ్యి అలాగే గాల్లో పట్టుకుని. సాయిబు ఆ చేతిని తాకకుండా దారం పక్కన పెట్టి కొలుచుకున్నాడు. అక్కడే గట్టుమీద కూచుని, మామిడి చెక్క చెక్కి దిమ్మ చేశాడు. దానిమీద సైకిలు ట్యూబు రబ్బరు తొడిగి, కుడివైపు బద్దకి బిగించాడు. అక్క దిమ్మని నొక్కి నొక్కి చూసింది, ఊగుతోందని మళ్ళీ బిగించమంది. సాయిబు నోరెత్తకుండా బిగించాడు.

నీళ్ళలోకి తోశాం. బావ తెడ్డు వేశాడు. పడవ వణకలేదు. ఉప్పుటేరు మధ్యకి వెళ్ళి ఆగాడు. "ఎలాగున్నాది బావా?" అని ఒడ్డునుంచి అరిచాను. మళ్ళీ అరిచాను. "ఏటీ నేదురా!" అని వినబడింది. "ఏటీ నేదంటే?" "ఏటీ నేదు! నొప్పి నేదు, కాలు నేదు, పడవ నేదు. నీళ్ళే!" అంటూ వెళ్ళిపోయాడు. అక్క ఇసుకలో కూలబడి నవ్వుతోందో ఏడుస్తోందో తెలీకుండా కూచుంది. ఆయన వెనక్కొచ్చేసరికి చీకటి పడింది, అక్క ఊరంతా వినబడేలా తిట్టింది.

ఆ తరవాత ఇల్లు మళ్ళీ ఇల్లయింది. మంచం దిగాడు. కూచోడం గురించి తనంత ఆలోచించినవాడు లేడని, కుర్చీలు అల్లడం నేర్చుకున్నాడు. ఎవరైనా కుర్చీ అల్లమని తెస్తే ముందు ఆ కుర్చీలో కూచునే మనిషిని తెమ్మనేవాడు. "కుర్చీకి అల్లనండి నేను, మనిషికి అల్లుతాను" అనేవాడు. ఒక పెళ్ళి ఇంటివాళ్ళు కుర్చీలు తెస్తే, పెళ్ళికొడుకు తండ్రిని పిలిపించి అరుగుమీద కూచోబెట్టి కబుర్లు చెప్తూ కదలనివ్వలేదు. ఆయన చిరాకుపడి, "ఇంకెంతసేపయ్యా?" అంటే, "ఏ సీటైనా కాసేపు కూకుంటేగానీ నిజం సెప్పదండి. మొదట్లో అన్నీ మెత్తగానే ఉంటాయి, సంబంధాల్లాగ" అన్నాడట. ఆయన మొహం చూడాలి!

స్టీల్ ప్లాంటు టౌన్‌షిప్పు నుంచి షిఫ్టు కుర్రాళ్ళు ఆదివారాలు గంగవరం వచ్చి పడవ చూసి ముచ్చటపడేవారు. ఒక్కసారి ఎక్కనివ్వమంటే ఎక్కించేవాడు. ఎక్కి కాసేపటికే నడుం పట్టేసి దిగేవాళ్ళు, ఆ దిమ్మ వాళ్ళ మోకాలిని ముక్కుదాకా తోసేది. "అది నా కుంటితనానికి కుట్టించిన సొక్కారా, నీకెలాగ పడతాది? తిమ్మిరొచ్చిందంటే అది నీ పడవ కాదని. నీది నువ్వు కట్టించుకో" అనేవాడు. ఇద్దరు నిజంగానే కట్టించుకున్నారు. సాయిబే కట్టాడు, అక్కే దారాలు తీసింది. ఎవరి దారం దగ్గరా మళ్ళీ అబద్ధం ఆడలేదు.

తన కాలిని తనే వేళాకోళం చేసేవాడు గానీ, ఇంకొకడి ఒంటిని ఎవరైనా వెక్కిరిస్తే ఊరుకునేవాడు కాదు. లావుగా ఉన్న ఒక కుర్రాడు పడవ కంతలో పట్టక ఇరుక్కుంటే అందరూ నవ్వారు. బావ వాళ్ళని కసిరాడు. "ఆడికి ఒళ్ళు ఎక్కువ కాలేదర్రా, పడవకి చోటు తక్కువైంది" అన్నాడు. నాకు ఈ మాట మా ఫ్యాక్టరీలో, ఇంట్లో, ఎక్కడెక్కడో పనికొచ్చింది. నా కూతురు చదువులో వెనకబడితే బెత్తం తియ్యబోయి ఈ మాట గుర్తొచ్చి ఆగాను. బడి మార్చాం. ఇప్పుడు బాగానే చదువుతోంది. థాంక్స్ చెప్పాలని ఎప్పుడూ తట్టలేదు. బావలకి ఎవరైనా థాంక్స్ చెప్తారా?

అంత జాగ్రత్త మనిషి! ఎక్కడ కూచున్నా ముందు అరచేత్తో నొక్కి చూసేవాడు. ఆ టీ కొట్టు బెంచీని కూడా నొక్కి చూసే ఉంటాడు. బాగానే ఉందనుకుని ఉంటాడు. ఏటి బావా ఇది? ఒక కేక వెయ్యొద్దూ? గుండె పట్టుకుని ఒక్కసారి అమ్మా అనొద్దూ? అంత ఒద్దికగా గోడకి ఆనుకుని పోతే మేమెలా నమ్మేది?

దినవారాలు అయిపోయిన మర్నాడు పెరట్లో చుట్టాలు పడవ గురించి మాట్లాడుకున్నారు. పెరటి పాకలో దూలాలకి తాళ్ళతో వేలాడదీసి ఉంది. ఎవరికీ పట్టని పడవ ఇంకెందుకు, పొయ్యిలోకి వస్తుందన్నాడు ఒక పెద్దాయన. టౌన్‌షిప్పు కుర్రాళ్ళు తమ దగ్గర దాచుకుంటామన్నారు. నాకు ఆ తాళ్ళకేసి చూడ్డమే కష్టంగా ఉంది. అక్క గదిలోంచి బయటికొచ్చింది. ఇన్నాళ్ళూ ఒక్క మాట మాట్లాడని మనిషి, "దింపండి" అంది. దింపి నేలమీద పెట్టాం. "పట్టుకోరా" అని నా భుజమ్మీద చెయ్యేసి లోపలికి అడుగు పెట్టబోయింది. "ఏటమ్మా ఇది, తప్పు, ఇప్పుడు అలాంటివి సెయ్యకూడదు" అన్నారు ఆడవాళ్ళు. అక్క వినలేదు.

కుచ్చెళ్ళు పోగుచేసుకుని కూచుంది. బావ తుంటికి కట్టిన చోటు అక్కకి మరీ వదులు, రెండు పక్కలా ఖాళీ. ఎడమకాలు చాపింది. మా అక్క పొట్టి మనిషి, ఎంత చాపినా బద్దకి అందలేదు. కుడికాలు చాపింది. పాదం దిమ్మకి తగిలింది. ఇంకాస్త జరిగి అరికాలు మొత్తం ఆనించింది.

"తమ్ముడూ," అంది, "ఇదొక్కటీ నాకు అందుతన్నాదిరా."

లేవమంటే లేవలేదు. బావ అల్లుతూ వదిలేసిన కుర్చీ కోసం పెళ్ళివారు వచ్చారని ఎవరో వీధిలోంచి పిలిచారు. నేను వెళ్ళి మాట్లాడి వచ్చేసరికి పాకలో చుట్టాలంతా వెళ్ళిపోయారు. అక్క అలాగే కూచుని ఉంది. ఒక కాలు దేనికీ ఆనకుండా, ఒక కాలు దిమ్మమీద. కాలివేళ్ళతో ఆ రబ్బరుని మెల్లగా నొక్కుతోంది, వదులుతోంది, మళ్ళీ నొక్కుతోంది.